నిన్న పొద్దున ఏం చేసినవ్?

మొన్న బీరకాయలు తరుగుతుంటే ఫోన్ మోగింది. ఎవరో అమ్మాయి, "మేడం, మీ ఇంట్లో చదువుకునే పిల్లల గురించి రెండు నిమిషాలు" అంది. "వద్దమ్మా" అని పెట్టేశాను. పెట్టేశాక కత్తి పట్టుకుని అలాగే కూర్చుండిపోయాను. ఒకప్పుడు అదే మాట రోజంతా చెప్పి, అవతలివాళ్లు టక్కున పెట్టేస్తే పళ్లు నూరుకున్నదాన్ని నేను. అప్పుడు నా పక్క కుర్చీలో కూర్చున్న ఆవిడ ఇది చూసి ఉంటే, "నీకు గూడ తగిలిందా తల్లీ ఈ రోగం" అని పడీపడీ నవ్వేది. ఆవిడ పోయి చాలా ఏళ్లయింది. ఆ అమ్మాయికి మళ్లీ చేద్దామంటే నంబరు కలవలేదు. సరే, ఆ రెండు నిమిషాలు ఆవిడకే ఇద్దామని కూర్చున్నాను. రెండు నిమిషాల్లో అయిపోయే మనిషి కాదనుకోండి.

చంద్రపూర్‌లో జట్‌పురా గేటు దగ్గర, ఒక చెప్పుల దుకాణం పైన రెండు గదుల్లో మా ఆఫీసు ఉండేది. ఇళ్లకు ఫోన్ చేసి పిల్లల చదువుల గురించి అడగడం, ఫారాలు నింపడం మా పని. ఏ వాడలో బడికి పోని పిల్లలు ఎక్కువున్నారని ఫారాలు చెబితే ఆ వాడకు మా సంస్థ ఒక పంతులమ్మను ఇచ్చి క్లాసు పెట్టేది. అంతకుముందు ఈ సర్వేకు మనుషులు ఇంటింటికీ తిరిగేవాళ్లట. ఇప్పుడు ఊరంతా ఫోన్లు వస్తున్నాయి, సందుకొక పీసీవో తెరుస్తున్నారు, ఇంకా చెప్పులు అరగదీసుకోవడం దేనికని నాగపూర్‌లో ఉండే మా పెద్ద సారు ఫోన్ సర్వే మొదలుపెట్టారు. నేను మరాఠీ మీడియంలో బీకాం పాసై ఖాళీగా ఉన్నాను. ఇంట్లో మాట్లాడేది తెలుగే కాని, చదవమంటే ఒక్కో అక్షరం కూడబలుక్కునేదాన్ని. తెలుగు కుటుంబాలకు ఫోన్ చేయడానికి తెలుగు మాట్లాడే పిల్ల కావాలన్నారు. మాట్లాడటం ఒక్కటీ నాకు బ్రహ్మాండంగా వచ్చు.

ఆవిడ నా మీద సూపర్వైజరు. ఆఫీసులో అందరూ మావశి అని పిలిచేవాళ్లు, మరాఠీలో చిన్నమ్మ అన్నమాట. ఆమె కూడా తెలుగామే, తండ్రి మంచిర్యాల వైపు నుంచి బొగ్గు పనికి వచ్చినవాడు. ఊరికి డయలు ఫోన్లు రాకముందు ఎక్స్చేంజీలో తీగలు కలిపే ఆపరేటరుగా చేరి, ముప్పై ఏళ్లు చేసి రిటైరయ్యింది. ఇంట్లో తోచక మా దగ్గర చేరింది.

ఆవిడకు మనుషుల మొహాలు గుర్తుండేవి కావు, గొంతులే. ఒకసారి గోల్ బజార్లో ఒకాయన ఎదురొచ్చి రెండు చేతులూ జోడించి నవ్వాడు. మావశి ఆయన్ని కిందికీ మీదికీ చూసింది. తర్వాత కళ్లు మూసుకుంది. "ఏదన్న మాట్లాడు" అంది. పాపం ఆయన నడి బజార్లో ఏం మాట్లాడాలో తెలియక, "నమస్తే అమ్మా, బాగున్నరా" అన్నాడు. ఆవిడ కళ్లు తెరవకుండానే, "నువ్వా నాయనా. బల్లార్‌పూర్ కాగితం మిల్లుకు రోజు మీ బామ్మర్దికి ఫోన్ కలుపుమనేటోనివి. ఆయన మోకాళ్ల నొప్పి తగ్గిందా" అంది. ఆయన ఉల్లిగడ్డల సంచి కింద పెట్టి పదిహేను నిమిషాలు ఆ మోకాళ్ల గురించి చెప్పాడు.

ఫోన్ చేసేముందు ఆవిడ చేసే తతంగం చూడాలి. చెప్పులు విప్పి బల్ల కిందికి తోసేది. కొంగు సర్దుకునేది. రిసీవరును చేతిరుమాలుతో తుడిచేది. అవతల పెద్దవాళ్లని తెలిస్తే లేచి నిలబడేది. నేనైతే కాళ్లు కుర్చీ మీదికి మడిచి, ఒక చేత్తో పల్లీలు నములుతూ చేసేదాన్ని.

"వాళ్లకు కనిపిస్తదా ఏంది మావశీ, గింత మర్యాద?" అన్నాను ఒకరోజు.

"కనిపించదు. వినపడ్తది. నువ్వు కాళ్లు మీదవెట్టి మాట్లాడితే కాళ్లు మీదవెట్టినట్టే వినపడ్తది."

"పల్లీలు?"

"అవి ఇంక బాగ వినపడ్తయి."

నాకు ఒళ్లు మండిపోయింది. అయినా ఆ రోజు కాళ్లు దించి నాలుగు ఫోన్లు చేసి చూశాను. నాలుగు ఇళ్లవాళ్లూ చివరిదాకా మాట్లాడారు. ఆవిడకు మాత్రం చెప్పలేదు.

మొదటి ఏడాది మా పని పండగే. ఫోన్ కొత్తగా వచ్చిన ఇంట్లో గంట మోగితే చాలు, ఎత్తడానికి తోసుకునేవాళ్లు. పిల్లలెంతమంది అంటే మేనల్లుళ్లతో సహా చెప్పేవాళ్లు. "ఉండుండ్రి, మా అత్తమ్మ గూడ మాట్లాడ్తదట" అనేవాళ్లు. ఆ అత్తమ్మ తనెందుకు చదువుకోలేదో మొదటినుంచి చెప్పేది. రెండో ఏడాది కంప్యూటర్ క్లాసులవాళ్లు ఊళ్లోకి దిగారు. వాళ్లూ ఇంటింటికీ ఫోన్ చేసి, "మీ పిల్లల చదువు గురించి" అనే మొదలుపెట్టేవాళ్లు. ఇంకేముంది. మేం నోరు తెరవగానే, "మాకు కంప్యూటరు వద్దు" అని టక్కున పెట్టేయడం. నేను గొంతు చించుకుని, "అయ్యా, నేను అమ్మేదాన్ని కాదు, అడిగేదాన్ని" అనేసరికి అవతల కీ అని శబ్దం వచ్చేది. నెలనెలకూ ఎత్తేవాళ్లు తగ్గిపోయారు.

ఫారంలో ఇలాంటివాటికి ఒకే గడి ఉండేది, "స్పందన లేదు" అని. మావశికి ఆ గడి అంటే తగని కోపం. "ఎందుకు లేదు? పెట్టేసుడు స్పందన గాదా?" అనేది. ఆ గడిలో టిక్కు పెట్టి, పక్కన ఖాళీలో సన్నటి అక్షరాలతో రాసేది. "కంప్యూటరనుకుని పెట్టేసిండు." "పిల్ల ఎత్తింది, తల్లి గుంజుకుంది." "రాత్రి డ్యూటీ చేసి పండుకున్నడు, తిట్టిండు, తిట్టుడు సబబే." "ఇంట్ల లొల్లి అయితుంది, రేపు చెయ్యాలె." నాగపూర్ సారు ఆ ఫారాలు చూసి, "ఇది సర్వేనా, డైరీనా" అని కసురుకున్నారు. "మీరు గడి పెద్దగ చేస్తే అండ్లనే రాస్త సార్" అంది ఈవిడ నిమ్మళంగా. నేను పక్కకు తిరిగి నవ్వు ఆపుకున్నాను.

ఆ ఖాళీ రాతల్లో ఒకటి మాత్రం ఆవిడను నిద్రపోనివ్వలేదు. పద్మాపూర్ దారిలో ఒక లేబర్ లైను ఉండేది, బొగ్గు పనివాళ్ల గుడిసెలు, ఎక్కువమంది తెలుగువాళ్లే. ఆ లైను ఇళ్లన్నిటికీ మా లిస్టులో ఒకే నంబరు. అది అక్కడి కిరాణా సేటుది, ఆయనా తెలుగాయనే. లైను మొత్తానికి ఆ ఫోనొక్కటే దిక్కు. మొదట్లో ఆయనే ఎత్తి, ఎవరి పేరు చెప్పినా, "వాళ్ల పిల్లలు బడికి పోతుండ్రమ్మా, మంచిగ పోతుండ్రు" అనేవాడు. ఆయన మాట మీద ఆ లైనులో పిల్లలంతా బడిలోనే ఉన్నట్టు ఫారాలు నింపేశాం. "గింతమంది ఇండ్లల్ల ఒక్కడు గూడ బడి ఎగ్గొట్టడా?" అని మావశి అనుమానం. ఒకసారి ఆయన్ని గట్టిగా, "సేటూ, నువ్వు చెప్పకు, ఆ తల్లినే పిలువు" అంది. దూరంగా ఎవరో ఆడమనిషి ఏడుపు వినిపించింది. సేటు, "వద్దమ్మా, మల్ల చేయకుండ్రి" అని పెట్టేశాడు. ఆ తర్వాత మా గొంతు వింటే చాలు పెట్టేసేవాడు. మావశి ఫారం మీద "ఏడుపు వినపడ్డది, ఎందుకో తెల్వది" అని రాసింది. ఆ కాగితాన్ని వారం రోజులు బల్ల మీదనే పెట్టుకుంది. చివరికి ఒక మధ్యాహ్నం, "నడువు, పోయి చూసొద్దం" అని నన్ను బస్సెక్కించింది.

మేం దుకాణం ముందు బెంచీ మీద కూర్చుని, సేటు ఇచ్చిన చాయ్ తాగుతున్నాం. లోపల ఫోన్ మోగింది. ఆ తర్వాత జరిగింది నాకిప్పటికీ కళ్లకు కట్టినట్టుంది. ఒక్కో గుడిసెలోంచి ఒక్కో ఆడమనిషి బయటికి వచ్చింది. ఒకామె చేతికి పిండి, ఒకామె తల సగం దువ్వుకుని ఉంది. అందరూ దుకాణం వైపే చూస్తూ నిలబడ్డారు. సేటు ఫోన్ పెట్టేసి బయటికి వచ్చి, చెయ్యెత్తి, "ఏం లేదు, ఏం లేదు. బియ్యం బస్తాల ఫోను" అని అరిచాడు. వాళ్లంతా మళ్లీ లోపలికి పోయారు.

పనిలో ఎవరికన్నా దెబ్బ తగిలితే ఆ కబురు ఈ ఫోనుకే వస్తుందట. ఫలానా ఆమెకు ఫోన్ వచ్చిందని పిలిస్తే, ఆమె దుకాణం చేరేలోపే ఏడుపు మొదలుపెడుతుందట. "మీరేమో పిల్లల చదువని పిలువుమంటిరి. ఆమె గుండె ఆగినంత పనైంది. అందుకే అందరికి నేనే చెప్పిన. బడికి పోతలేరంటే మా లైను ఇజ్జత్ పోతదని పోతుండ్రన్న" అన్నాడు సేటు తల వంచుకుని.

మావశి చాయ్ గ్లాసు పక్కన పెట్టింది. అంత చిన్నబోయిన మొహం ఆవిడకు అంతకుముందూ లేదు, ఆ తర్వాతా లేదు. బస్సులో కిటికీ పక్కన కూర్చుని, "ముప్పై ఏండ్లు గంట కొట్టిన. కొట్టినంక అవుతలి ఇంట్ల ఏమైతదో ఒక్కనాడు చూడలే" అంది. నేను ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. రెండు నిమిషాలకు చెయ్యి విడిపించుకుని నా తొడ మీద ఒక్కటి చరిచింది.

"గంట మోగొద్దు, అంతే గదా. మనం చెయ్యొద్దు. వాళ్లే మనకు చెయ్యాలె."

"వాళ్లెందుకు చేస్తరు మావశీ?"

"పెద్దోళ్లు చెయ్యరు. పిల్లలు చేస్తరు. ఫోన్ల మాట్లాడుమంటే ఏ పిల్ల వద్దంటదే?"

ఆ ఆదివారం నేను సేటు దుకాణంలో, ఆవిడ ఆఫీసులో. నేనే డయలు తిప్పి ఆవిడను కలిపి, వరసలో నిలబడ్డ పిల్లల చేతికి రిసీవరు ఇవ్వాలి. ఒకరో ఇద్దరో వస్తారనుకున్నాను. వరస దుకాణం దాటి చేదబావి దాకా పోయింది. ఫోనులో మాట్లాడటానికని తలంటు పోసుకుని, నూనె పెట్టి దువ్వుకుని, కొందరు కాటుక కూడా పెట్టుకుని వచ్చారు. ఒకడు ఆవిడ అడిగినదానికల్లా తల ఊపుతూ నిలబడ్డాడు. రిసీవరులోంచి ఆవిడ గొంతు నాకే వినిపించింది, "ఊపుతున్నవా కొడుకా? నోటితోని ఊపు." ఇంకొకడు ఒకసారి మాట్లాడి, ఇంటికి పరుగెత్తి అంగీ మార్చుకుని మళ్లీ వరసలో నిలబడ్డాడు. వాడు నన్ను మోసం చేశాడు కాని ఆవిడను చేయగలడా. "నువ్వు ఇందాకటి రెండో క్లాసోనివి గదరా" అనగానే రిసీవరు నా ఒళ్లో పడేసి పరుగు. సేటు నవ్వీనవ్వీ దగ్గు తెచ్చుకున్నాడు.

కాని సర్వే ముందుకు పోలేదు. ఫారంలో మొదటి ప్రశ్న "బడికి పోతున్నావా?" అడిగిన ప్రతి పిల్లా "పోతున్న" అనే అంటోంది. చంకలో చెల్లెలిని ఎత్తుకుని నిలబడ్డ పిల్ల కూడా "పోతున్న" అంది. పదకొండేళ్లుంటాయి, పేరు రజిత. చంకలో పిల్ల రిసీవరు తీగను నోట్లో పెట్టుకుంటుంటే లాగేస్తోంది. అవతల మావశి ఆ ప్రశ్న వదిలేసి, ఫారంలో లేనిది అడిగింది.

"నిన్న పొద్దున ఏం చేసినవ్ బిడ్డా?"

"నిన్ననా? లేసి నీళ్లు తెచ్చిన. అమ్మ క్వార్టర్లల్ల అంట్లు తోముటానికి పోయింది. చెల్లెకు స్నానం పోసిన. పప్పుల అన్నం కలిపి పెట్టిన. అది పండుకుంటలేదు, ఎత్తుకొని తిరిగిన. అమ్మ పన్నెండింటికి వచ్చింది. అప్పుడు చెల్లెను అమ్మకిచ్చి ఆడుకునుటానికి పోయిన."

"తర్వాత?"

"అంతే. మాపటిదాక ఖాళీయే."

శనివారం పొద్దుటి బడి వేళంతా ఆ పిల్ల చెల్లెలిని ఎత్తుకుని తిరిగిందన్నమాట. అక్కడినుంచి మావశి అందరినీ అదే ప్రశ్న అడిగింది. నిజం వరదలా వచ్చిపడింది. ఒకడు మేకల వెంట పోయాడు. ఒకతె తమ్ముణ్ణి చూసుకుంది. ఒకడు బడికే పోయాడు, నిన్న పాడిన కవాతు పాట దుకాణంలో నిలబడి మొత్తం పాడాడు. మావశి మా ఫారం వెనుకవైపున కొత్త ఫారం చేతితో గీసుకుంది. పొద్దున, పగలు, సాయంత్రం అని మూడు పెద్ద గడులు, అంతే. పోతలేనని ఒక్కరినీ అనిపించకుండానే ఆ లైనులో బడికి పోని పిల్లలెవరో తెలిసిపోయింది. పొద్దున ఎందుకు పోలేరో, మధ్యాహ్నం ఎంత ఖాళీయో కూడా తెలిసింది.

సోమవారం ఆవిడ ఆ కాగితాలు నాగపూర్ పంపింది. సారు ఫోన్ చేసి, నేను వినేంత గట్టిగా మండిపడ్డారు. పిల్లల మాట ఫారంలో చెల్లదు. పిల్లను పంపుతామని ఇంటి పెద్ద నోట రావాలి. రాకపోతే ఆ లైను లెక్కలో లేనట్టే, ఆ క్లాసు వేరే వాడకు పోతుంది. మావశి నిలబడే వింది, కాళ్లకు చెప్పులు లేవు. చివర్లో మరాఠీలో ఒక్కటే అడిగింది, "సార్, వచ్చే ఆదివారం మీరొచ్చి నా పక్కన కూర్చుంటారా?" ఆయన వస్తానన్నారు. వచ్చి, ఒక్క తల్లి చేత అయినా ఆ మాట చెప్పిస్తే మిగతా కాగితాలు ఒప్పుకుంటానని కూడా అన్నారు. చెప్పించలేరని ఆయన ధీమా.

తర్వాతి ఆదివారం సారు వచ్చి ఆఫీసులో మావశి పక్కన కూర్చున్నారు, నేను దుకాణంలో. రజితను ముందే నిలబెట్టుకున్నాను. మావశి ఆ పిల్లను నేరుగా సారుకు కలిపింది. రజితకు మరాఠీ బాగానే వచ్చు. నీళ్లు, చెల్లెలు, అంట్లు, అన్నీ మళ్లీ చెప్పింది. అంతటితో ఆగలేదు, "సార్, బడి పొద్దున పెడితే నేను రాను. ఒంటిగంటకు పెట్టండి" అంది. అవతల ఆయన ఏదో అన్నారు. రజిత నా వైపు తిరిగి, "అమ్మను పిలువుమంటుండ్రు" అంది.

నా తొందర తగలెయ్య. పక్కనున్న పిల్లతో, "ఉరుకు, రజిత వాళ్లమ్మకు ఫోన్ వచ్చిందని చెప్పు" అనేశాను. ఆ పిల్ల తూనీగలా పోయింది. సేటు తల పట్టుకుని, "ఏం పని చేస్తివమ్మా, వాళ్లాయన డ్యూటీల ఉన్నడు" అన్నాడు. అప్పటికే ఆలస్యమైపోయింది. ఆమె సబ్బు నురగ చేతులతో, ఒక కాలికే చెప్పుతో పరుగెత్తుకొస్తోంది. మొహంలో నెత్తురు చుక్క లేదు. వెనక గుడిసెల ముందు అందరూ నిలబడిపోయారు.

"ఏమైంది? ఆయనకు ఏమైంది?"

"బాపుకు ఏం గాలే అమ్మా" అంది రజిత గబగబా. "బడి ఫోను. ఒంటిగంటకు బడి పెడ్తరంట. నాకు."

ఆమె బియ్యం బస్తా మీద కూలబడింది. కూతురి వీపు మీద ఒక్కటి వేసింది. వేసిన చేత్తోనే దగ్గరికి లాక్కుంది. నా వైపు చూసిన చూపుకు నేను భూమిలోకి పోవాల్సింది. "తప్పైంది అక్కా, నాదే తప్పు" అన్నాను, ఏడుపు వచ్చేసింది. ఆమె కాసేపు ఆయాసం తీర్చుకుంది. తర్వాత కూతుర్ని అడిగింది.

"ఒంటిగంటకేనా? పొద్దున గాదు గద?"

"ఒంటిగంటకే."

"నేను పన్నెండింటికి వస్త గద. మరి ఇంకేంది." ఆమె లేచి నురగ చేతులు చీరకు తుడుచుకుంది, చెదిరిన కొంగు సర్దుకుంది, నా చేతిలోంచి రిసీవరు తీసుకుంది. దుకాణం ఎదుట అన్నేళ్లు కాపురం ఉండి ఆమె ఆ ఫోన్ ముట్టుకోవడం అదే మొదలని సేటు తర్వాత చెప్పాడు.

"పంపిస్త" అంది రిసీవరులోకి, మెల్లగా.

అవతలినుంచి మావశి గొంతు నాకు కూడా వినిపించింది. "ఇంకోసారి చెప్పు తల్లీ. గట్టిగ చెప్పు, మరాఠీల చెప్పు. సార్ వినాలె."

ఆమె ఒకసారి వెనక్కి తిరిగి, గుడిసెల ముందు ఇంకా భయంభయంగా నిలబడి ఉన్న ఆడవాళ్లను చూసింది. వాళ్లకూ వినబడాలనుకుందేమో, ఫోన్ లేకపోయినా చంద్రపూర్ దాకా వినిపించేంత గట్టిగా, పిల్లను ఒంటిగంటకు పంపిస్తానని మరాఠీలో అరిచింది.

"పాఠవతే సాహెబ్. పోరీలా పాఠవతే, ఏక్ వాజతా."